సేవ చేసేవాళ్లని దేవుళ్లని చేయాలా? విగ్రహం పెట్టాలా? ఒక నర్సు సమాధానం

మీ ప్రశ్న ఇది: మదర్ థెరిసాని చర్చి సెయింట్‌గా ప్రకటించింది కదా, మన కాలంలో రోగులకీ అనాథలకీ జీవితం ధారపోస్తున్నవాళ్లకి కూడా అలాంటి హోదా ఎందుకు ఇవ్వకూడదు? వైజాగ్ బీచ్ రోడ్డులో సినిమావాళ్ల విగ్రహాల కోసం గొడవలు పడతాం, వీళ్లని ఎవరూ తలుచుకోరు, సెలబ్రిటీల కంటే ముందు గౌరవం వీళ్లకే దక్కాలి కదా? చివరగా, మీ కాలనీ సంఘం తరఫున, ఇప్పుడు బతికే ఉన్న ఒక సేవకురాలి విగ్రహం కోసం అర్జీ పెడదామనుకుంటున్నారు, పెట్టొచ్చా?

నేను ఇదే ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లోనూ, తర్వాత బ్లడ్ బ్యాంకులోనూ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీరు చెప్పే మనుషుల్ని పేపర్లో కాదు, పక్కనే నిలబడి చూశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. గుర్తింపు ఇవ్వాలి, బతికుండగానే ఇవ్వాలి, వాళ్ల పనికి పనికొచ్చేలా ఇవ్వాలి. దేవుళ్లని మాత్రం చేయొద్దు. సెలబ్రిటీలతో పోటీ కూడా పెట్టొద్దు, దానివల్ల నష్టపోయేది రోగులే. ఎందుకంటున్నానో చెప్తాను.

ముందు సెయింట్ హోదా సంగతి. కాథలిక్ చర్చి పద్ధతిలో మనిషి చనిపోయాక మామూలుగా ఐదేళ్లు ఆగాలి. ఆ తర్వాత స్థానిక బిషప్ విచారణ మొదలుపెడతారు. ఆ మనిషి జీవితం, రాతలు, ఎరిగినవాళ్ల సాక్ష్యాలు అన్నీ రోముకి వెళ్తాయి. ఆ మనిషిని తలుచుకుని ప్రార్థిస్తే జరిగిందని చెప్పే ఒక అద్భుతాన్ని చర్చి అంగీకరిస్తే ధన్యులు, మరొకదాన్ని అంగీకరిస్తే పునీతులు, అంటే సెయింట్లు. విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చినవాళ్లకి మొదటి అద్భుతం అక్కర్లేదు. మదర్ థెరిసా 1997 సెప్టెంబరు 5న పోయారు. ఆమె విషయంలో ఐదేళ్ల నియమాన్ని అప్పటి పోప్ రెండో జాన్ పాల్ సడలించారు. 2003 అక్టోబరులో ధన్యురాలయ్యారు, 2016 సెప్టెంబరు 4న పోప్ ఫ్రాన్సిస్ పునీతురాలిగా ప్రకటించారు. బెంగాల్లో ఒక గిరిజన మహిళ కడుపులో గడ్డ తగ్గిపోవడం, బ్రెజిల్లో ఒకాయన మెదడులో చీముగడ్డలు నయం కావడం, ఈ రెండిటినీ అద్భుతాలుగా తీసుకున్నారు. మొదటిదాని మీద మన డాక్టర్లలోనే వాదనలు నడిచాయి, అది మందులకి తగ్గిందన్నారు.

ఎంతమంది పుళ్లు కడిగారు, ఎంతమందికి అన్నం పెట్టారు అన్న లెక్క మీద ఆ హోదా రాదు. ఆ మనిషి దేవుడి దగ్గర ఉన్నారు, మన ప్రార్థన వింటున్నారు అన్న నమ్మకం మీద వస్తుంది. అది విశ్వాసులకి చాలా పెద్ద విషయం. డిసెంబరు 8న మేరీమాత పండక్కి రాస్ హిల్ మెట్లెక్కిన నర్సులతో కలిసి పనిచేశాను, వాళ్ల భక్తి వార్డులో వాళ్ల ఓపికలో కనిపించేది. ఆ కొండ పక్కనే దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ ఉన్నాయి. ఎవరి నమ్మకం వాళ్లది. కానీ కలెక్టరాఫీసో, మన నగరపాలక సంస్థ జీవీఎంసీయో, కాలనీ సంఘమో ఇవ్వగలిగింది కాదది. మనం ఇవ్వగలిగింది పౌర గౌరవం. రెండిటినీ కలిపితేనే చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కేమిటో కూడా మదర్ థెరిసా ఇంటి దగ్గరే కనిపిస్తుంది. 1994లో లాన్సెట్ వైద్య పత్రిక సంపాదకుడు కలకత్తాలో ఆమె నడిపే మరణాసన్నుల ఆశ్రమానికి వెళ్లి చూసి రాశారు. అక్కడ పుళ్లు శుభ్రం చేయడం, ప్రేమగా చూడడం బాగున్నాయన్నారు. గట్టి నొప్పి మందులు లేవని, నయమయ్యే రోగాన్నీ నయం కానిదాన్నీ విడదీసి చూసే ఏర్పాటు సరిగా లేదని కూడా అన్నారు. నర్సుగా నాకు ఆ రెండో మాట చాలా బరువైనది. క్యాన్సర్ ముదిరిన మనిషికి చేయి పట్టుకోవడం కావాలి, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందు కూడా కావాలి. రోడ్డు మీద పడి చావబోతున్నవాళ్లని ఎవరూ ముట్టుకోని రోజుల్లో ఎత్తుకుని ఇంటికి తెచ్చిన ఆవిడంటే నాకు అపారమైన గౌరవం. ఆ గౌరవంతోనే నొప్పి మందు సంగతి అడుగుతాను. దేవత అని ముద్ర పడిన చోట మాత్రం ఆ ప్రశ్న అడిగినవాణ్ని దుర్మార్గుడి కింద జమకడతారు. మన చుట్టూ అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు నడిపేవాళ్లెందరో ఉన్నారు. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం పిల్లల్ని పెట్టుకునే ప్రతి ఇల్లూ రిజిస్టర్ చేయించుకోవాలి, తనిఖీకి తలుపు తీయాలి. నడిపేవాళ్లు మహానుభావులు కావచ్చు. అయినా రాత్రి పిల్లల గదిలో ఎవరు పడుకుంటున్నారని అడిగే హక్కు ఊరికి ఉండాలి.

మనవాళ్లకి మనుషుల్ని దేవుళ్లని చేసుకోవడానికి ఏ రోమూ అక్కర్లేదు లెండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొర విగ్రహాలు గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి, రోజూ గోదావరి స్నానం చేసే పుణ్యం కలిగించిన భగీరథుడని సంస్కృతంలో శ్లోకమే ఉంది ఆయన మీద. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళ ఎవరొచ్చినా, ఏ కులమని అడక్కుండా అన్నం వండి పెట్టారు, 1909లో పోయారు. ఆవిడ ఫొటో కోసం బ్రిటిష్ చక్రవర్తి ఎడ్వర్డు కబురు పంపాడని గోదావరి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గన్నవరం అక్విడక్టుకి, అంటే నది మీదుగా కాలువని దాటించే వంతెనకి, ఆవిడ పేరు పెట్టారు. 2024లో మన రాష్ట్రంలో బడి మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. నాకు బాగా నచ్చింది ఈ చివరిది. అన్నం పెట్టిన మనిషి పేరు అన్నానికే పెట్టారు. పిల్లలు రోజూ తింటున్నారు. ఇక ఆ వంట చేసే ఆయమ్మలకి నెలనెలా సకాలంలో డబ్బులు అందితే ఆ పేరుకి పూర్తి గౌరవం దక్కినట్టు.

ఇప్పుడు వార్డు సంగతి. ప్రభుత్వాసుపత్రికి 108లో వచ్చే రోగుల్లో కొందరికి వెంట ఎవరూ ఉండరు. రైలు పట్టాల పక్కనో, బస్టాండులోనో పడి ఉంటే తెస్తారు. కేస్ షీటు మీద పేరు ఉండాల్సిన చోట అన్‌నోన్ అని ఉంటుంది. ఒక్క నర్సు నలభై, యాభై మంచాలు చూసుకునే రాత్రి, ఇలాంటి మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం కుదరదు. తిప్పకపోతే నడుము కింద చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పుండు పడుతుంది, అది ఎముకదాకా వెళ్తుంది.

మా వార్డుకి ఒకావిడ వచ్చేది. ఎక్కడా ఉద్యోగం కాదు, ఏ సంస్థా కాదు. తెల్లారే వచ్చి వెంట ఎవరూ లేని మంచాలు ఏవో అడిగేది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడిచేది. గోళ్లు తీసేది, జుట్టులో పేలు తీసేది, గంజి స్పూనుతో పట్టేది. పక్కకి తిప్పి మోకాళ్ల మధ్య, మడమల కింద మడత పెట్టిన పాత చీర ముక్క పెట్టేది. ఆ చీర ముక్క ఎక్కడ పెట్టాలో మేము చెప్పింది ఒక్కసారే, ఆ తర్వాత కొత్తగా వచ్చిన నర్సింగ్ స్టూడెంట్లకి ఆవిడే చూపించేది. మాట రాని రోగులతో కూడా మాట్లాడుతూనే ఉండేది. "ఏ ఊరు నాయినా మీది? సెప్పకపోతే ఫర్లేదు, ముందు ఇది తాగు."

పేపర్లో ఆవిడ గురించి ఒకసారి వచ్చింది. అప్పట్నుంచి అందరూ దేవత అనడం మొదలుపెట్టారు. సన్మానాలకి పిలిచారు. ఒక సభలో ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే రాత్రి దాకా కూర్చోబెట్టారు. ఆఖరి బస్సు వెళ్లిపోయింది, ఆటోకి డబ్బులు ఎవరూ ఇవ్వలేదు. శాలువాలు చాలా వచ్చాయి. ఆవిడ వాటిని జనవరి చలికి వార్డుకి తెచ్చి రోగులకి కప్పింది. జరీ అంచు ఒంటికి గుచ్చుకుంటోందని కత్తెరతో అంచులు తీసేసి మరీ కప్పింది. నేను చూస్తుండగానే రెండు శాలువాల అంచులు తీసింది. "నాకేటి దండలమ్మా, రెండు పెట్టెలు గ్లౌజులు ఇప్పించండి, సాలు" అంది.

ఆ మాట నేను చాలామందికి చెప్పాను. గ్లౌజులు ఎవరూ తేలేదు. అలా తేకపోవడంలో చెడ్డతనం లేదు, నేను వాళ్లని తప్పు పట్టడం లేదు. దేవతకి మనం దండం పెడతాం, పూలు పెడతాం, మన పని మనం చూసుకుంటాం. దేవతకి బస్సు చార్జీ అవసరమని మనకి తోచదు. ఆవిడకి నడుం నొప్పి వస్తుందని, రోజంతా కుళ్లిపోయిన పుళ్ల మధ్య తిరిగితే చర్మ రోగాలు వస్తాయని, టీకా వేయించాలని తోచదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పని మనం కూడా చేయొచ్చని తోచదు. ఆవిడ వేరే మట్టితో పుట్టిందని అనుకుంటే మనకి హాయి. ఆవిడ మనలాంటిదే అనుకుంటే శనివారం పొద్దున ఒక గంట మనం వెళ్లాల్సి వస్తుంది.

నాకు ఈ హోదాల మీద ఉన్న అసలు అభ్యంతరం ఇదే. పెద్ద ఎత్తున ఇలాగే జరిగిన ఉదాహరణ, ఊళ్లలో ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం సంగతి చూసే ఆశా కార్యకర్తలది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. దాదాపు పది లక్షల మంది ఆడవాళ్లు. కోవిడ్‌లో ఇంటింటికీ తిరిగింది వాళ్లే, పాడేరు ఏజెన్సీలో నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తుంటే పక్కన నడిచేదీ వాళ్లే. ప్రపంచం చప్పట్లు కొట్టింది. లెక్కల్లో మాత్రం వాళ్లు ఈ రోజుకీ ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద సేవకులు. వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. సేవ అనే మాటని అడ్డుపెట్టి కూలి తగ్గించడం అంటే నాకు మహా కోపం. ఒక ఆశాకి పింఛను వస్తే, ప్రసూతి సెలవు వస్తే నా దృష్టిలో అది ఏ పురస్కారానికీ తీసిపోదు.

సెలబ్రిటీల దగ్గరికి వద్దాం. ఇక్కడ చాలామంది నాతో ఏకీభవించరని తెలుసు, అయినా బ్లడ్ బ్యాంకులో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తాను.

రక్తం దాచుకునే వస్తువు కాదు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులు ఉంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. రక్తం ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. మా దగ్గరికి తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు ఉన్న పిల్లలు మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించుకోవడానికి వస్తారు. అరకు, పాడేరు వైపు నుంచి సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లలు వస్తారు. కాన్పు కష్టమైన తల్లులు ఏ అర్ధరాత్రయినా వస్తారు. కాలేజీలకి సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో క్యాంపులుండవు. డోనర్లు ఊళ్లకి వెళ్లిపోతారు. పిల్లల తల్లులు మాత్రం ఎప్పట్లాగే వచ్చి వరండాలో కూర్చుంటారు. ఆ వరండాలో తల్లి మొహం చూసి "ఇవాళ లేదమ్మా" అని చెప్పడం అంత టెన్షన్ నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు.

మన రాష్ట్రంలో రక్తదానం పల్లెల దాకా పాకిందంటే అందులో సినిమా అభిమానుల పాత్ర చాలా పెద్దది. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు పెట్టాక హీరో పుట్టినరోజంటే రక్తదానం అనే అలవాటు పడింది. కటౌటుకి పాలు పోసే కుర్రాళ్లే మంచం మీద పడుకుని చేయి చాపారు. అంతకుముందు రక్తం ఇస్తే నీరసం వస్తుంది, పెళ్లికి పనికిరారు అనే భయాలుండేవి. హెల్త్ డిపార్ట్‌మెంట్ పోస్టర్లు ఎన్నేళ్లు అంటించినా పోని ఆ భయం, ఒక హీరో మాటతో పోయింది. ఇది నా కళ్ల ముందు జరిగింది. కాబట్టి సెలబ్రిటీల పేరు వినగానే తిట్టడం నా వల్ల కాదు.

చిక్కల్లా క్యాలెండరులో ఉంది. మహేష్ బాబు పుట్టినరోజు ఆగస్టు 9, చిరంజీవిది 22, నాగార్జునది 29, పవన్ కల్యాణ్‌ది సెప్టెంబరు 2. నాలుగు వారాల్లో అన్నీ. ఆ రోజుల్లో క్యాంపులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, ఫ్రిజ్‌లు నిండిపోతాయి, కొంత గడువు తీరిపోతుందేమోనని మేము మిగతా ఆసుపత్రులకి ఫోన్లు చేసేవాళ్లం. మే 20న జూనియర్ ఎన్టీఆర్ పుట్టినరోజు వస్తుంది. ఎండాకాలం మధ్యలో ఆ ఒక్క రోజు కోసం మేము నిజంగా ఎదురుచూసేవాళ్లం.

ఒక అభిమాన సంఘం కుర్రాళ్లని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. సగం మంది పుట్టినరోజున ఇవ్వండి, మిగతా సగం పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు రాసివ్వండి, మేం పిలిచినప్పుడు రండి అన్నాను. ముందు కొంచెం నిరుత్సాహపడ్డారు, ఫొటోలో ఎక్కువ మంది ఉండాలి కదా. వాళ్లలో ఒకడు, గాజువాక వైపు వెల్డింగ్ పనిచేసే కుర్రాడు, బాధ్యత తీసుకుని పేర్లు నోట్‌బుక్‌లో గ్రూపుల వారీగా రాసుకొచ్చాడు. నెగెటివ్ గ్రూపులవాళ్లకి ఎర్ర గీత. మే నెలలో ఒక రాత్రి బీ నెగెటివ్ కావాల్సి వస్తే ఫోన్ చేశాను. పన్నెండు దాటాక బైకు మీద ఇద్దర్ని ఎక్కించుకుని వచ్చాడు. ఆ ముగ్గురి టీషర్టుల మీదా వాళ్ల హీరో బొమ్మే. ఇక్కడ గౌరవం హీరోకా, ఆ కుర్రాడికా అని నన్నడిగితే రక్తం ఇచ్చిన కుర్రాడికే. కానీ హీరో లేకపోతే ఆ నోట్‌బుక్కే లేదు. కీర్తి అనేది రోడ్డులాంటిది, దాని మీద మన అంబులెన్సు నడిపించుకోవాలి.

డయానా యువరాణి సంగతి చూడండి. 1987లో లండన్‌లో ఎయిడ్స్ రోగికి గ్లౌజులు లేకుండా చేయి కలిపింది, ఆ ఒక్క ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ముట్టుకుంటే అంటుకోదని డాక్టర్లు అప్పటికే చెప్తున్నారు, వినేవాళ్లు లేరు. మన దగ్గర హెచ్ఐవీ కేసులు బయటపడుతున్న రోజుల్లో రోగి ముట్టిన గ్లాసు పారేసిన చదువుకున్నవాళ్లని నేను చూశాను, అందుకే ఆ ఫొటో విలువ నాకు తెలుసు. ఆవిడ 1997 ఆగస్టు 31న పోయింది. మదర్ థెరిసా ఐదు రోజులకి పోయారు. టీవీలన్నీ లండన్‌లోనే ఉన్నాయి. మీరు చెప్పే అన్యాయం అప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆ తర్వాతి వారమే, సెప్టెంబరు 14న, మన హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో పేలుడు జరిగి పదుల మంది పోయారు. కాలిన ఒళ్లతో వచ్చినవాళ్లని మోసుకొచ్చిన మనుషుల పేర్లు ఆ రోజు ఎవరూ రాసుకోలేదు, రాసుకునే వీలూ లేదు. 2020 మే 7 తెల్లవారుజామున మన ఊరి ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు కూడా అంతే. పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తిన పోలీసులు, పక్క వీధి కుర్రాళ్లు ఎవరో, ఆ పిల్లలకే తెలీదు. ఇలాంటి సేవకి పేరు పెట్టి సత్కరించడం ఎలాగూ కుదరదు. ఇంకోసారి ఆ అవసరం రాకుండా చూడడం ఒక్కటే వాళ్లకి మనం చేయగలిగింది.

ఇంకో రకం ఉన్నారు. వాళ్లు రోగి పక్కన కనిపించరు, అందుకని సెయింట్ల జాబితాలోకి రారు, సెలబ్రిటీల జాబితాలోకీ రారు. మదర్ థెరిసా ఉన్న కలకత్తాలోనే దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు ఉండేవారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోయింది. ఆయన ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, బంధువులనే తాగించమన్నారు. నూటికి ఇరవై, ముప్పై మంది పోయే చోట నలుగురి లోపే పోయారు. మన ఇంట్లో విరేచనాలైతే కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఆ శిబిరంలోనే తన సత్తా రుజువు చేసుకుంది. 2022లో ఆయన పోయారు, ఆ తర్వాత 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో తన బృందంతో కలిసి తయారు చేసిన మందుల్లో డీఈసీ ఒకటి. బోదకాలు రాకుండా మన ఉత్తరాంధ్రలో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. మింగినవాళ్లలో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? బడి పాఠంలో ఆయన ఉండాలి, మాత్ర ఇచ్చే రోజు ఆ ఆశా నోట ఆ పేరు రావాలి. ఇలాంటివాళ్లకి గుర్తింపు కావాలని నేనూ గట్టిగా అడుగుతాను.

మరి గుర్తింపు ఎలా ఉంటే పనికొస్తుంది? నేను చూసినంతలో తమిళనాడు చేసిన పని గొప్పది. అవయవదానం చేసినవాళ్ల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని 2023లో ప్రకటించారు. నాయకులకీ పెద్ద నటులకీ దక్కే గౌరవం ఒక కూలీకి, ఒక ఆటో డ్రైవరుకి దక్కింది. బ్రెయిన్ డెడ్, అంటే మెదడు పూర్తిగా చనిపోయింది అని చెప్పాక కుటుంబాన్ని ఒప్పించడం ఎంత కష్టమో ఆ గదిలో కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. ఊరంతా చూస్తుండగా కలెక్టరు వచ్చి దండ వేసి వెళ్తే, ఆ వీధిలో తర్వాత అలాంటి కష్టం వచ్చిన ఇంట్లో ఆలోచన మారుతుంది. కర్ణాటకలో పునీత్ రాజ్‌కుమార్ 2021లో పోయినప్పుడు ఆయన కళ్లు నలుగురికి చూపునిచ్చాయి, ఆ తర్వాత నేత్రదానానికి జనం బారులు తీరారు. అక్కడ నటుడి కీర్తి పనిచేసింది, తమిళనాడులో ప్రభుత్వ లాంఛనం పనిచేస్తోంది. రెండూ కావాలి.

రోడ్డు ప్రమాదాల్లో సాయం చేసేవాళ్ల విషయం కూడా అలాంటిదే. వాళ్లకి బిరుదులు అక్కర్లేదు, పోలీసు స్టేషన్ భయం పోతే చాలు. సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలకి ఆమోదం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రక్షణ చేర్చారు. గాయపడినవాణ్ని ఆసుపత్రికి తెచ్చినవాళ్లు పేరు చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఈ సంగతి మన ఎన్‌ఏడీ జంక్షన్లోనో మద్దిలపాలెంలోనో నిలబడి అడగండి, ఎంతమందికి తెలుసో.

ఇక మీ అర్జీ. విగ్రహం వద్దని నా సలహా. బీచ్ రోడ్డులో అనుమతి లేని విగ్రహాలు పెట్టడం, తీసేయడం, దాని మీద పార్టీల గొడవలు మీరూ చూశారు. మీరు గౌరవించాలనుకున్న ఆవిడ బతికే ఉందని రాశారు. బతికున్న మనిషిని ఆ గొడవల్లోకి లాగొద్దు.

దాని బదులు పద్మ పురస్కారానికి నామినేట్ చేయండి. చాలామందికి తెలియదు, ఎవరైనా ఎవరినైనా నామినేట్ చేయొచ్చు, ఎమ్మెల్యే సిఫార్సు లెటరు అక్కర్లేదు. హోం శాఖ అవార్డుల పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే పంపాలి, 800 పదాల లోపు ఆమె చేసిన పని రాయాలి. మంగళూరు దగ్గర నారింజలు అమ్మి బడి కట్టించిన హరేకళ హాజబ్బ గారికీ, దిక్కులేని శవాలకి అంత్యక్రియలు చేసిన అయోధ్య మహమ్మద్ షరీఫ్ గారికీ 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మన కాకినాడలో శంకురాత్రి చంద్రశేఖర్ గారికి 2023లో వచ్చింది. ఆయన 1985లో ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో భార్యనీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుని, కెనడా ఉద్యోగం వదిలి వచ్చి, కొడుకు పేరున కంటి ఆసుపత్రి, కూతురి పేరున బడి పెట్టారు. ఇలాంటి వాళ్లకి రావడం మొదలైంది కాబట్టి మీ ఊరి మనిషికీ అవకాశం ఉంది. ఒకటి గుర్తుంచుకోండి, అది బిరుదు కాదు, పేరు ముందు పెట్టుకోకూడదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కూడా రాదు.

ఆ 800 పదాల్లో దేవత, మాతృమూర్తి, త్యాగమూర్తి లాంటి మాటలు రాయకండి. చదివేవాళ్ల ముందు అలాంటివి గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఆవిడ పొద్దున ఎన్నింటికి వస్తుంది, ఏం చేస్తుంది, ఎవరికి చేస్తుంది, ఎన్నేళ్ల నుంచి, డబ్బు ఎక్కడ్నుంచి, ఆవిడకి ఒంట్లో బాగోకపోతే ఆ పని ఎవరు చూస్తారు, ఇవి రాయండి. చివరి ప్రశ్నకి జవాబు లేకపోతే మీ కాలనీ సంఘం ముందు చేయాల్సిన పని అదే. ఇద్దరు ముగ్గుర్ని ఆవిడ పక్కన పెట్టండి, నేర్చుకోనివ్వండి. విగ్రహానికి చందా పోగుచేయగలిగినవాళ్లు ఆవిడ పేరున ఆరోగ్య బీమా, ఏడాదికి సరిపడా గ్లౌజులు, బస్ పాస్ ఇప్పించగలరు. సభ పెట్టాలనుంటే పెట్టండి, కానీ టైముకి మొదలుపెట్టండి, ఆవిడని ఇంటికి దింపే బండి ముందే మాట్లాడి ఉంచండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఆవిడని అడగండి. పేరు బయటకి రావడం ఆవిడకి ఇష్టం లేకపోవచ్చు. రోగుల బంధువులు డబ్బు అడగడానికి ఇంటికొస్తారని భయపడినవాళ్లు నాకు తెలుసు. వద్దంటే నామినేషన్ ఆపేయండి, గ్లౌజులు మాత్రం ఎలాగూ పంపండి. మీడియం సైజు అయితే చాలామందికి సరిపోతుంది.